నీ రంగు నీకే ఉంచుతా

"నీ రంగు నీకే ఉంచుతానే, పిచ్చిమొద్దూ! నా చేతి మీదొట్టు."

మంజులత అన్న మాట ఇది. దేవుడి మీదో, పిల్లల మీదో ఒట్టేస్తే ఎవరైనా కాస్త అనుమానపడొచ్చు. మంజులతకు పిల్లల్లేరు, దేవుళ్లతో పెద్దగా రాకపోకలూ లేవు. ఉన్నదల్లా ఆ కుడిచెయ్యి. అన్నం పెట్టేది అదే, అద్దె కట్టేది అదే. ఆ చేతి మీద ఒట్టేసిందంటే ఉదయశ్రీ నమ్మక ఏం చేస్తుంది చెప్పండి? నమ్మింది. కళ్లు మూసుకుని మరీ నమ్మింది.

ఉదయశ్రీ వెంగళరావు నగర్ పిల్ల. యూనివర్సిటీలో లా చదివి, అది చాలక, దాని మీద పరిశోధన కూడా పెట్టుకుంది. రెండువేల ఐదో సంవత్సరం అది. మాదాపూర్ వైపు చూస్తే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అన్నట్టు అద్దాల బిల్డింగులు లేస్తున్నాయి. ఆమె తమ్ముడు సృజన్ ఇంజినీరింగు పూర్తయ్యీ కాకముందే అటు పోయి మెడలో ఐడీ కార్డు తగిలించుకున్నాడు. "నువ్వు గూడ ఏదన్న కంప్యూటర్ కోర్సు చెయ్యరాదే" అని కాలనీ అంతా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నా, ఈ మహాతల్లి మాత్రం రంగు, ఆడది, చట్టం అంటూ ఫిల్మ్ నగర్ సందుల్లో తిరిగేది.

రంగెందుకంటారా? ఉదయశ్రీ నలుపు. చామనచాయ అని సర్దిచెప్పుకునే నలుపు కాదు, ఖరాఖండిగా నలుపు. బళ్లో ఆగస్టు పదిహేనుకి భారతమాత వేషం వెయ్యాలంటే, పాట మొత్తం నోటికొచ్చిన ఈ పిల్లను పక్కకు నెట్టి, గట్టిగా రెండు మాటలు పలకలేని తెల్లపిల్లను నిలబెట్టారు. టీచరమ్మ పైగా వీపు నిమిరి, "నువ్వు వెనక నుంచి పాడమ్మా, నీ గొంతు బంగారం" అంది. ఆ వెనక నుంచి పాడటం ఆమెకు ఇప్పటికీ గొంతులోనే ఉంది.

ఇంట్లో మాత్రం ఆ బాధ లేదు. వాళ్లమ్మ కౌసల్య ఉంది చూశారూ, ఆ మాట ఎత్తనిచ్చేది కాదు. ఒకసారి నల్లా కాడ పక్కింటి శకుంతలమ్మ "పిల్ల జర కర్రెగున్నది కౌసల్యా, సున్నిపిండి గిట్ల పెడ్తలేవా?" అన్నందుకు, నిండు బకెట్టు ఆమె కాళ్ల మీద కుమ్మరించి వచ్చింది. "నా బిడ్డ బంగారం. నీ కండ్లకే ఏదో అయింది, దవాఖానల చూపించుకో పో" అని వాడంతా వినబడేలా అరిచింది. మేనత్త ఎవరో తెల్లబడే క్రీము ట్యూబు తెస్తే, చాయ్ కూడా తాగనియ్యకుండా పంపించేసింది. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని పెంచుకొచ్చిన మనిషి, గయ్యాళి అనిపించుకోవడానికి ఏం వెనకాడలేదు. బయట ఎవరేమన్నా ఉదయశ్రీ ఇంటికొచ్చి తల్లి ఒళ్లో తలపెట్టుకుంటే సరి, లోకం చక్కబడేది.

పెద్దయి లా చదువుతుంటే రాజ్యాంగంలో ఒకచోట ఆగిపోయింది. మతం, జాతి, కులం, ఆడామగా, పుట్టిన చోటు వీటిని బట్టి మనిషికీ మనిషికీ తేడా చూపొద్దని అక్కడ రాసుంది. బాగానే ఉంది. మరి రంగేది? వేరే దేశాల చట్టాల్లో జాతి పక్కనే రంగు కూడా రాసుకున్నారు, మనవాళ్లెందుకు రాయలేదు? మనకు ఆ రోగం లేదా? ఆ ప్రశ్న పట్టుకునే పరిశోధనలో చేరింది. రంగును బట్టి పని పంచే చోటు ఎక్కడా అని వెతికితే, దూరం పోనక్కర్లేకపోయింది, ఇంటి నుంచి ఒక్క ఆటో.

సినిమావాళ్ల దగ్గర ఈ విషయంలో దాపరికం లేదు. పార్టీ సీనుంటే తెల్లగా ఉన్న జూనియర్ ఆర్టిస్టుల్ని గ్లాసులిచ్చి ముందు నిలబెడతారు. నల్లగా ఉన్నవాళ్లను గుడిసెల సీనుకు పిలుస్తారు. "ఏయ్, నువ్వు ఫ్రేములోంచి తప్పుకో" అని మైకులోనే అరుస్తారు. అడిగితే "డైరెక్టరుగారు రిచ్‌గా అడిగారమ్మా" అంటారు, అక్కడికి తప్పంతా ఆ రిచ్ అనేవాడిదైనట్టు.

అలా తిరుగుతుండగా జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళా షూటింగులో మంజులత పరిచయమైంది. గుడివాడ దగ్గర నుంచి వచ్చి పన్నెండేళ్లుగా హెయిర్ డ్రెస్సర్‌గా చేస్తోంది. పైకి అదే. లోపల సంగతి వేరు. బొంబాయి నుంచి వచ్చిన ఒక హీరోయిన్‌కి మంజులత చెయ్యి తప్ప ఇంకొకరిది నచ్చేది కాదు. కానీ మేకప్ సంఘం కార్డు లేనిదే సెట్లో ఎవరూ పని చెయ్యకూడదు, ఆ సంఘంలో రూలు ఒకటుంది. ఆడదానికి జుట్టు పని కార్డు ఇస్తారు, మొహం పని కార్డు ఇవ్వరు. మొహం మగవాడి పని. ఎందుకయ్యా అంటే, మొదట్నుంచీ అంతే. ఆడమొహానికి రంగు వెయ్యడానికి ఆడది పనికిరాదట, వినడానికైనా సిగ్గుగా లేదూ?

అందుకని ఒక ఏర్పాటు నడిచేది. పొద్దున్నే హీరోయిన్ కేరవాన్ బండి తలుపు మూసి, కర్టెన్లు లాగి, లోపల మంజులత మేకప్ చేసేది. మేకప్‌మన్ త్రినాథరావు బయట కుర్చీ వేసుకుని, పెట్టె ఒళ్లో పెట్టుకుని పేపరు చదువుకునేవాడు. సెట్లో అందరి ముందూ పఫ్‌తో రెండు టచప్‌లు మాత్రం ఆయన ఇచ్చేవాడు. తెర మీద పేరూ ఆయనదే. సంఘం వాళ్లు తనిఖీకి వస్తే ఆయన గట్టిగా దగ్గేవాడు, మంజులత స్పాంజి జాకెట్లో దోపుకుని దువ్వెన అందుకునేది. మనిషి చెడ్డవాడేం కాదు. మంజులతను "అమ్మాయ్" అని పిలుస్తాడు, దసరాకు చీర పెడతాడు, ఆమె ఆయన్ని "బాబాయ్" అంటుంది. ఆమె చేతి మీద వచ్చిన పేరుతో మణికొండలో ఇల్లు కట్టుకున్నాడు, అంతే.

ఉదయశ్రీ మొదట ఆడవాళ్ల పని గురించి అడగడానికే ఆమె వెంటపడింది. "నా జోలికి రాకే తల్లీ, ఉన్న దువ్వెన కూడా లాగేస్తారు" అని మంజులత నెలల తరబడి తప్పించుకుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఫిల్మ్ నగర్ కొండ కింద ఉన్న తన గదికి అన్నానికి పిలిచింది. గోంగూర పచ్చడి, అప్పడాలు పెట్టింది. తిన్నాక చెయ్యి తుడుచుకుంటూ ఉదయశ్రీ గడ్డం పట్టుకుని వెలుతురుకేసి తిప్పింది.

"నీకెవరన్నా మేకప్ చేశారా ఎప్పుడైనా?"

"చేసిన్రక్కా, మా కజిన్ పెండ్లిల. బూడిద పూసినట్టు చేసిన్రు."

"వాళ్ల మొహం! ఆ రంగు నీది కాదు మరి. ఉండు, కదలకు."

పెట్టె తెరిచింది. మొహానికి పూసే ముదురు రంగు కడ్డీ, ప్యాన్‌స్టిక్ ఒకటి తీసింది. అది రౌడీల కోసం, బందిపోట్ల కోసం ఉంచేది, ఆడమొహానికి ఎవరూ వాడరు. ఇంకోటి బంగారు ఛాయది తీసి, రెండూ అరచేతిలో కలిపి, ఒక్క చుక్క కొబ్బరినూనె వేసి వేలితో నూరింది. నూరుతూ నూరుతూ ఉదయశ్రీ చెంప పక్కన పెట్టి చూసుకుంటూ, మళ్లీ కలుపుతూ, నోట్లో ఏదో గొణుక్కుంటూ పని చేసింది. అయ్యాక అద్దం చేతికిచ్చింది.

అద్దంలో ఉన్నది ఉదయశ్రీయే. ఇంకెవరో కాదు. అదే నలుపు. కానీ బుగ్గ ఎముక మీద వెలుతురు నిలబడుతోంది, కళ్లు పెద్దవయ్యాయి, పెదవుల అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేటగా కనబడుతోంది. ఇరవై ఏడేళ్లుగా ఈ మొహం తనదేనా అనిపించి బావురుమంది.

"ఏడిచావంటే చంపేస్తా! కాటుక కారితే నా కష్టమంతా గంగపాలు" అని మంజులత కసురుతూనే తనూ ముక్కు చీదుకుంది. "కెమెరా ముందు నిన్నిట్టా కూచోబెడితే ఏ హీరోయిన్ పనికొస్తుందే! కానీ ఎవడు కూచోబెడతాడు?"

ఆ రోజు నుంచి వాళ్లిద్దరి మధ్య మీరూ గీరూ అన్నవేం మిగల్లేదు. అక్కా అంటే అక్కే.

ఆ తర్వాత సంగతులు వరసగా వచ్చేశాయి. ఆ బొంబాయి హీరోయిన్ పెళ్లి చేసుకుని సినిమాలు మానేసింది. కొత్తగా వచ్చే హీరోయిన్లు తమ మేకప్‌మన్‌ని తామే తెచ్చుకుంటున్నారు. మంజులత మళ్లీ దువ్వెన పట్టుకుని వానల్లో, ఎండల్లో జూనియర్ ఆర్టిస్టులకు సవరాలు కట్టే పనికి దిగింది. అప్పుడొచ్చింది ఉదయశ్రీ దగ్గరకి. "సంఘానికి రాద్దామంటావుగా, రాయవే ఆ కాగితమేదో. కార్డు అడుగుదాం. ఇస్తే ఇస్తారు, లేకపోతే కోర్టుకెళ్దాం. ఇంక నాకు పోయేదేముంది?"

ఉదయశ్రీ గైడు ప్రొఫెసర్ శ్యామలాదేవి. మంచి మనిషి, ఆడవాళ్ల కేసులు ఎన్నో చూసింది. ఆవిడే లాయరు చేత సంఘానికి నోటీసు ఇప్పించింది. సంఘం వాళ్లు కాస్త కంగారుపడి, "మా మగవాళ్లకెలా పెడతామో ఈమెకూ అలాగే పరీక్ష పెడతాం, నెగ్గితే కార్డు ఇస్తాం" అని కబురు చేశారు. మొహం ఇవ్వడానికి మనిషిని అభ్యర్థే తెచ్చుకోవాలి. పెద్దల ఎదుట మేకప్ చెయ్యాలి.

"తెల్లగా, చక్కగా ఉన్న పిల్లను ఎవరినైనా తీసుకెళ్లమను" అంది శ్యామలాదేవి.

"వద్దు మేడం, మొహం నేనిస్త" అంది ఉదయశ్రీ. "నా రంగుల్నే చేస్తది అక్క. ఆడది మొహం చెయ్యగలదనీ తెలుస్తది, నల్లమొహం గూడ మొహమేనని తెలుస్తది. రెండూ ఒక్కతాన."

"రెండూ కలిపితే ఏదీ వినరు ఉదయా. ముందు ఆడవాళ్ల సంగతి తేలనీ, రంగు సంగతి తర్వాత చూద్దాం."

"ఆ తర్వాత ఎన్నడొస్తది మేడం? నన్ను రెండు ముక్కలు చేసి ఒక ముక్కనే లోపలికి రమ్మంటే ఎట్ల?"

ఆవిడ నిట్టూర్చి, "సరే, మీ ఇష్టం" అంది. మంజులతకు ఈ మాట చెబితే ఎగిరి గంతేసింది. తన చేతి పనితనం అంతా కనబడేది ఆ మొహం మీదేనంది. అప్పుడే వేసింది ఆ ఒట్టు. నీ రంగు నీకే ఉంచుతానే, పిచ్చిమొద్దూ.

పరీక్ష ఫిల్మ్ నగర్‌లో సంఘం ఆఫీసు మేడ మీద జరిగింది. ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. మధ్యలో రంగు కళ్లజోడు పెట్టుకున్న అధ్యక్షుడు, ఒక పక్క కార్యదర్శి, ఇంకో పక్క ఎవరనుకుంటున్నారు? మన త్రినాథరావే. ఆయన్ని చూడగానే మంజులతకు కొండంత ధైర్యం వచ్చింది. గోడలకు ఆనుకుని ఇంకొంతమంది మేకప్‌మన్లు తమాషా చూడటానికి నిలబడ్డారు. మొహం ఇచ్చేవాళ్లు అద్దానికి వీపు పెట్టి, పెద్దలకు ఎదురుగా కూర్చోవాలి. కాబట్టి చివరిదాకా తన మొహం ఏమవుతోందో ఉదయశ్రీకి కనబడదు.

మంజులత తన గదిలో చేసినట్టే చేసింది. అరచేతిలో రంగులు నూరింది, చుక్క నూనె వేసింది, ఒక్కో వేలితో అద్దింది. ఆ చెయ్యి కదులుతుంటే ఉదయశ్రీకి అద్దం అక్కర్లేకపోయింది. ఆ ఆదివారం మొహం మళ్లీ వస్తోందని చర్మానికే తెలుస్తోంది. కాటుక తీర్చి, చిన్న బొట్టు పెట్టి మంజులత వెనక్కి జరిగింది.

"అయిందండీ."

అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఊఁ... బొట్టు బానే పెట్టావు. మేకప్ ఎప్పుడు మొదలెడతావమ్మా?"

గోడల దగ్గర ఘొల్లున నవ్వారు.

"అయిపోయిందండీ. ఇదే మేకప్."

"ఏంటి అయ్యేది? వచ్చి కూచున్నప్పుడు ఎట్టా ఉందో అట్టాగే ఉందిగా పిల్ల! ఏమయ్యా, నీకేమన్నా తేడా కనబడతందా?" అని కార్యదర్శిని అడిగాడు. ఆయన పెదవి విరిచాడు.

వాళ్లకు నిజంగానే కనబళ్లేదండీ, అదీ విషయం! ఎగతాళి అయితే పోనీ అనుకోవచ్చు. అంత పని ఎదురుగా ఉంటే, ముప్ఫై ఏళ్లు మొహాలకు రంగులేసిన ఆ కళ్లకు అది ఆనలేదు. నలుపు నలుపుగా ఉంటే పని మొదలు కానట్టే వాళ్ల లెక్క.

మంజులత త్రినాథరావు వైపు చూసింది. ఆయనకు కనబడింది. ఆయనకు తెలుసు ఆ పనేంటో. నోరు తెరిచి ఒక్క మాటంటే చాలు. ఆయన గోళ్లు చూసుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. కేరవాన్ బయట కూర్చుని దగ్గినట్టే దగ్గాడు. "అమ్మాయ్... ఇంకా టైముంది కదమ్మా. పెద్దలకు నచ్చేట్టు చెయ్యి" అన్నాడు.

ఉదయశ్రీ మంజులత మొహంలోకి చూసి, వద్దన్నట్టు తల చాలా చిన్నగా ఊపింది. మంజులత వంగింది. ఆమె ఊపిరి వేడిగా చెవికి తగిలింది.

"కళ్లు మూసుకో ఉదయా. రెప్పల మీద కాస్త పని మిగిలింది."

మూసుకుంది. అక్క కదా చెప్పింది.

తడి స్పాంజి నుదుటి మీద చల్లగా తగిలింది. రెప్పల పని కదా, నుదురెందుకు అనుకుంది. ఏదో సరిచేస్తోందిలే అనుకుంది. స్పాంజి బుగ్గల మీదికొచ్చింది, ముక్కు మీదికొచ్చింది. ఇంకా సర్దిచెప్పుకుంది. మనసు ఎంత వెర్రిదో చూడండి. ఆ తర్వాత స్పాంజి మెడ మీదికి దిగింది. చెవుల వెనక్కి పోయింది. ఒళ్లో పెట్టుకున్న చేతుల్ని మంజులత ఒక్కొక్కటే ఎత్తి, మోచేతి దాకా, వేళ్ల సందుల దాకా రాయడం మొదలుపెట్టింది. అప్పుడు ఉదయశ్రీకి అర్థమైంది. మొహం సొంత రంగులోనే ఉంటే చేతులకు రంగెందుకు? మొహం పరాయిదైతేనే చేతులకూ వెయ్యాలి.

కళ్లు తెరిచింది. తన చెయ్యి తనకే ఎవరిదోలా కనబడింది, పాలిపోయిన గోధుమపిండి రంగులో. మంజులత ఆమె కళ్లలోకి చూడలేదు. ఉదయశ్రీ ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఒట్టేసిన చెయ్యి అది. పట్టుకున్నంతసేపు పట్టుకుని, వదిలేసింది.

"అద్గదీ!" అని అధ్యక్షుడు తొడ చరిచాడు. "ఇదీ చెయ్యంటే! ఇప్పుడు మనిషిలా ఉంది. ఆడదైనా పని నేర్చిందయ్యా!" గోడల దగ్గర నవ్వినవాళ్లే చప్పట్లు కొట్టారు. ఆయన నవ్వుతూ ఉదయశ్రీ వైపు తిరిగాడు. "ఏమ్మా, మన దగ్గర పద్ధతి ఒకటుంది. మొహం ఎవరిదో వాళ్లు అద్దంలో చూసుకుని ఓకే అంటేనే షాటుకు పంపుతాం. నువ్వు కాదంటే ఈమె తప్పినట్టే. చూసుకో, ఓకేనా?"

కుర్చీ తిప్పారు. అద్దంలో ఎవరో అమ్మాయి కూర్చుని ఉంది. అందంగానే ఉంది, దానికేం. పార్టీ సీన్లో గ్లాసు పట్టుకుని ముందు వరసలో నిలబడే పిల్ల. ఆ పిల్ల వెనక నిలబడి మంజులత రెండు చేతులూ పైటకొంగులో నులుముకుంటోంది. పెదవులు కదులుతున్నాయి. ఏమంటోందో వినబడక్కర్లేదు.

కాదంటే చాలు. ఆ ఒక్క ముక్కతో ఈ గదిలో అందరి నోళ్లూ మూతపడతాయి. మంజులత మాత్రం రేపటి నుంచి మళ్లీ దువ్వెనే. ఇంకెప్పటికీ దువ్వెనే. ఉదయశ్రీకి మంజులత చెంప పగలగొట్టాలని ఉంది, అదే నిమిషంలో గోంగూర పచ్చడి కలిపి పెట్టిన ముద్ద గుర్తొచ్చింది.

"ఓకే సార్" అంది.

మెట్ల కింద, బైకుల మధ్య, మంజులత పరిగెత్తుకొచ్చి భుజం పట్టుకుంది. "ఉదయా! ఆగవే. వాళ్లకు కనబళ్లేదే నేను చేసింది! చూశావుగా? నేనేం చెయ్యను?"

"కండ్లు మూసుకోమంటివి."

"తెరిచుంటే నువ్వు ఒప్పుకోవు. నువ్వు లేచిపోతే నా గతేంటి? కడుక్కుంటే పోయేదే కదే ఇది. నాకు కార్డు పోతే బతుకే పోద్ది."

"కడుక్కుంటే పోయేదే అయితే, నేను గిన్ని రోజులసంది దేని వెంబడి తిరుగుతున్నక్కా?" అంది ఉదయశ్రీ. "ఆ పెద్దమనుషులు అంటే పడ్త. వాళ్లు నాకేం గారు. నువ్వు నా మొహం చూసినదానివి. లోకం మొత్తం మీద నా మొహం చూసినదానివి నువ్వొక్కదానివే."

మంజులత ఏడ్చేసింది. సంచిలోంచి కొబ్బరినూనె సీసా, దూది తీసింది. "రా, ఇక్కడే తీసేస్తాను. రెండు నిమిషాలు."

"ముట్టకు" అంది ఉదయశ్రీ. "మా అమ్మ ఉన్నది. ఆమెనే కడుగుతది."

ఆటో ఎక్కాక శ్యామలాదేవి ఫోన్ చేసింది. "గెలిచాం ఉదయా! త్రినాథరావుగారే ఫోన్ చేసి చెప్పారు. మొదటి అడుగు పడిందమ్మా!" ఉదయశ్రీ "అవును మేడం" అని పెట్టేసింది. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ పడింది. పక్కన సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాబులోంచి ఒక కుర్రాడు ఆమెనే చూస్తూ నవ్వాడు. రోజూ ఇదే రోడ్డు మీద పోతుంది, ఏనాడూ ఎవరూ తల తిప్పలేదు. కృష్ణా నగర్, యూసుఫ్‌గూడ దాటుతున్నంతసేపూ చున్నీ మొహం మీదికి లాక్కుని తల్లినే తలుచుకుంది. అమ్మ చూడగానే మండిపడుతుంది. ఎవతె పూసిందే నీకీ సున్నం అని తిట్టిపోస్తుంది. బకెట్టు తెచ్చి, తన చేత్తో రుద్ది రుద్ది కడుగుతుంది. నా బంగారాన్ని నాకిచ్చెయ్యండి అంటుంది. అప్పుడు ఏడవాలి, అంతదాకా ఏడవకూడదు అనుకుంది.

గేటు తీసుకుని వచ్చి, మొహం మీది చున్నీ తొలగించి, దోమతెర తలుపు తట్టింది. కౌసల్య చేతులు తుడుచుకుంటూ లోపలి నుంచి వచ్చింది. తెర అవతల నిలబడి మర్యాదగా నవ్వింది.

"ఎవరు గావాలమ్మా? ఉదయ దోస్తువా? ఉదయ ఇంక రాలేదమ్మా, లోపలికొచ్చి కూసో."

"అమ్మా, నేనే."

కౌసల్య తలుపు తీసింది. దగ్గరికొచ్చి చూసింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఉదయశ్రీ తిట్ల కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

"అయ్యో నా తల్లీ! నా బిడ్డవేనా? ఎంత మంచిగున్నవే!" కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది కౌసల్య. బుగ్గలు పట్టుకోబోయి, రంగు చెదురుతుందేమోనని చేతులు గాల్లోనే ఆపేసింది. "గిట్లనే గదనే నేను రోజు దేవునికి మొక్కింది! ఓ శకుంతలమ్మా, ఇటు రా, నా బిడ్డను చూడు! సృజన్, లెవ్వరా, నీ కొత్త ఫోన్ తే, ఫోటో దియ్యి!"

ఉదయశ్రీ పక్కనుంచి వాష్ బేసిన్ దగ్గరకు నడిచింది. నల్లా తిప్పేలోపల తల్లి వచ్చి మణికట్టు పట్టుకుంది.

"కడగకు బిడ్డా, నీకు దండం పెడ్త. ఒక్క ఫోటో దిగినంక కడుక్కో."

"అమ్మా." ఉదయశ్రీ గొంతు చిన్నపిల్ల గొంతయిపోయింది. "నేను బంగారమంటివి గదనే. చిన్నప్పటిసంది అంటివి గదనే."

"అంటి బిడ్డా" అంది కౌసల్య, ఆమె నుదుటి మీది జుట్టు మెల్లగా పక్కకు సర్దుతూ. "అనకపోతే నువ్వు ఏడుస్తుంటివి గద."

శకుంతలమ్మ చెప్పులు విడుస్తున్న చప్పుడైంది. రాత్రి డ్యూటీ చేసి పడుకున్న సృజన్ కళ్లు నులుముకుంటూ వచ్చి ఫోన్ ఎత్తిపట్టాడు. కౌసల్య కూతురి నడుం చుట్టూ చెయ్యి వేసి, కొంగు సర్దుకుని నిలబడింది.

"నవ్వు అక్కా" అన్నాడు సృజన్.

కౌసల్య అప్పటికే నవ్వుతోంది.